అటక మీది సామాను: పదకొండేళ్లుగా నేను వింటున్న అపోహలు, చూస్తున్న వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లలో పేరుకుపోయిన పాత సామాను ఖాళీ చేసిపెట్టడం నా పని. రెండు టాటా ఏస్ బండ్లు, ఒక డీసీఎం, ఆరుగురు కుర్రాళ్లు. సంక్రాంతికి ముందు, దసరాకు ముందు, ఇళ్లు మారే వేసవి నెలల్లో ఫోన్ ఆగదు. ఎవరు చేసినా మొదటి ఐదు నిమిషాల్లో దాదాపు అవే మాటలు. వాటిలో చాలావరకు అపోహలే. వాటివల్ల ఇంటివాళ్లు నష్టపోతున్నారు, మా కుర్రాళ్ల చేతులు తెగుతున్నాయి, ఏదో చెరువు గట్టున ఇంకో కుప్ప లేస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "పాత సామాను తీసుకెళ్లేవాళ్లు మాకు డబ్బులివ్వాలి గానీ, మేమెందుకు ఇవ్వాలి?"

వాస్తవం: వీధిలో "పాత ఇనప సామాన్లు, పేపర్లు కొంటాం" అని అరుచుకుంటూ వచ్చే బండివాళ్లను చూసి పెరిగినవాళ్లం కాబట్టి అందరికీ ఈ అనుమానం వస్తుంది. ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియం, పేపరు, అట్టపెట్టెలు, ఇన్వర్టర్ బ్యాటరీ, వీటన్నిటికీ ధర ఉంది. వాటిని మీ వీధిలోని తుక్కు కొట్టుకు మీరే అమ్ముకోండి, నేను వద్దనను. మేం డబ్బు తీసుకునేది మిగతావాటికి.

మొన్న మల్కాజ్‌గిరిలో ఒక మూడు గదుల ఫ్లాట్ ఖాళీ చేశాం. బీరువా, రెండు ఇనప మంచాలు, పేపర్ల కట్టలు గంటలో అమ్ముడుపోయాయి. మిగిలినవి చూడండి: నాలుగు ఫోమ్ పరుపులు, చెమ్మకు ఉబ్బిపోయిన కంప్యూటర్ టేబుల్, రెగ్జిన్ చిరిగిన సోఫా, విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పాత డబ్బా టీవీ, ఐదు గోనె సంచుల చిరిగిన బట్టలు. వీటిలో ఒక్కటీ ఎవరూ కొనరు. బండిలో చోటంతా తినేసేవి మాత్రం ఇవే. తుక్కుకు బరువును బట్టి డబ్బు వస్తుంది, మాకు చోటును బట్టి ఖర్చవుతుంది. దానికితోడు లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు నుంచి సోఫా దించడమంటే ముగ్గురు మనుషుల పని.

కొనే సామానులోనూ తేడాలు తెలుసుకోండి. టేకు కుర్చీ కాలు విరిగినా వడ్రంగి సంతోషంగా తీసుకుంటాడు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు టేబుల్ ఒకసారి తడిస్తే దాని పని అయిపోయినట్టే, దాన్ని విప్పితే మేకు కూడా నిలవదు. దూది పరుపు అయితే పారేయకండి, దూది ఏకించి మళ్లీ కుట్టించుకోవచ్చు. ఇక అమ్మమ్మల కాలంనాటి పాత్రలు. కంచు గిన్నెలను ఇత్తడి లెక్కన తూకం వేసి తీసుకుపోయినవాళ్లను నా కళ్లతో చూశాను. కంచులో తగరం కలుస్తుంది, దాని విలువ వేరు. గిన్నెను వేలి మీద నిలబెట్టి స్పూనుతో తట్టి వినండి. కంచయితే ఖంగుమని మోగి, ఆ మోత చాలాసేపు నిలుస్తుంది. ఇత్తడి అంతసేపు పలకదు.

అపోహ: "మా ఇంట్లో పెద్దగా ఏమీ లేదు, చిన్న బండి చాలు."

వాస్తవం: అటక, మంచం కింద, బాల్కనీ, మెట్ల కింద, డాబా మీద. ఈ ఐదూ చూడకుండా చెప్పిన లెక్క ఎప్పుడూ సరిపోలేదు. ఫోన్లో వీడియో తీసి పంపితే చాలు, బండి సైజు చెప్పేస్తాం. డాబా మీద పాత టైర్లు, పనిచేయని కూలర్ ఉంటే ముందు అవే దించమంటాను. వాటిలో నిలిచిన వాన నీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది.

అపోహ: "ఫ్రిజ్ పాడైపోయింది, కోసి తుక్కు కింద వేసేయండి."

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఫ్రిజ్ వెనక కింది భాగంలో నల్లటి కుండలా కంప్రెసర్ ఉంటుంది. దాని మీద లేబుల్ చదవండి. ఆర్-600ఏ అని ఉంటే లోపల ఉన్నది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ జాతికి చెందిన వాయువు. మోతాదు తక్కువే అయినా దానికి గ్యాస్ కట్టర్ పెడితే మంట లేస్తుంది. 2000కు ముందు కొన్న ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ గ్యాస్ ఉండేది. మన దేశంలో ఇలాంటి వాడకాలకు దాన్ని 2010 జనవరి 1 నుంచి ఆపేశారు గానీ, అటకల కిందా గోడౌన్లలోనూ ఆ పాత పెట్టెలు ఇంకా ఉన్నాయి. రాగి పైపు కోసం సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ఆ గ్యాస్ అంతా గాలిలోకి పోతుంది. కొన్ని కొట్లలో జరుగుతున్నది అదే.

డబ్బా టీవీ కథా అంతే. దాని గాజు గొట్టంలో సీసం ఉంటుంది. గొట్టం మెడ చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటుంది. ఆ కాస్త రాగి కోసం మెడ విరగ్గొట్టి, గాజునంతా ఖాళీ స్థలంలో పారబోస్తారు.

ఎలక్ట్రానిక్ వ్యర్థాల మీద 2022లో తెచ్చిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రీసైకిల్ చేసేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. ఫ్రిజ్, టీవీ, ఏసీ, కంప్యూటర్ ఎవరికిచ్చినా "సరుకు చివరికి ఏ రీసైక్లర్ దగ్గరికి వెళ్తుంది?" అని అడగండి. తడుముకుంటే ఇవ్వకండి. ఏసీ అయితే మెకానిక్‌ను పిలిచి, గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి దింపించి, తర్వాతే విప్పించండి. ఇన్వర్టర్ బ్యాటరీ యాభై అరవై కిలోల దాకా ఉంటుంది, లోపల ఆమ్లం ఉంటుంది. పడుకోబెట్టి మోయకూడదు. కొత్తది కొనేచోటే పాతది ఎక్స్ఛేంజ్ చేయడం అన్నిటికంటే మేలు.

అపోహ: "రేపు భోగి కదా, మంటలో వేసేస్తాం."

వాస్తవం: భోగి మంట నాకూ ఇష్టమే. మా ఊళ్లో పిడకలు, ఎండు కొమ్మలు, చెదలు పట్టిన దూలం ముక్కలు వేసేవాళ్లం. పాతవి మంటలో వేయాలని పెద్దలు చెప్పిన రోజుల్లో ఇంట్లో ఉన్న పాతదంటే కట్టె, తాటాకు, చాప. ఇప్పుడు పాతదంటే ఫోమ్, రెగ్జిన్, సన్‌మైకా అంటించిన ప్లైవుడ్, టైరు. ఫోమ్ కాలితే వచ్చే పొగలో సైనైడ్ విషవాయువు ఉంటుంది. బోర్డుల్లోని జిగురు కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ఆ మంట చుట్టూ కొత్త బట్టలేసుకుని నిలబడేది మన పిల్లలే. నాలుగు పిడకలు, రెండు కట్టెలు వేసి భోగి చేసుకోండి. పరుపు సంగతి మాకు వదిలేయండి.

అపోహ: "అన్నీ చూసేశాం, డబ్బాల్లో ఏమీ లేదు."

వాస్తవం: అందరూ ఇదే అంటారు, నేను మాత్రం ఎప్పుడూ నమ్మను. తలుపు దగ్గర ఒక దుప్పటి పరిచి, ప్రతి డబ్బా, ప్రతి సంచీ దాని మీద బోర్లించి చూశాకే బండెక్కిస్తాం. బియ్యం డ్రమ్ము అడుగున గుడ్డలో చుట్టిన ముక్కుపుడక దొరికింది. పట్టుచీర మడతలో, అమ్మగారు పోయిన ఆరేళ్లకు, పాత వెయ్యి నోట్లు దొరికాయి. 2016 నవంబరు 8 తర్వాత అవి చెల్లవని ఆవిడకు తెలుసో లేదో. కూతురు వాటిని లెక్కపెట్టలేదు, చీరను మాత్రం ముఖానికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆ రోజు పని మధ్యాహ్నానికి ఆపేసి, మర్నాడు మళ్లీ వెళ్లాం.

డబ్బాల్లో మరోటి కూడా దొరుకుతుంది. ఒక ఇంట్లో పాలపొడి డబ్బా నిండా వాడేసిన ఇన్సులిన్ సూదులున్నాయి. మా కుర్రాడు మూత తీసి బోర్లించబోతే అరచేతిలో దిగింది. ఆసుపత్రికి తీసుకెళ్లి మందులిప్పించి, కొన్ని నెలల పాటు రక్తపరీక్షలు చేయించాం. ఏమీ కాలేదు. కానీ ఆ నెలలన్నీ వాడు సరిగా తిండి తినలేదు, పెళ్లి మాట వాయిదా వేసుకున్నాడు. దయచేసి సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, పైన "సూదులు" అని రాయండి. చెత్త వేరు చేయడం మీద 2016లో వచ్చిన నియమాల్లోనే సూదులు, గడువు తీరిన మందులు, ట్యూబ్‌లైట్లు, వాడేసిన బ్యాటరీలు, పెయింట్ డబ్బాలను విడిగా ఇవ్వాలని చెప్పారు. ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది, విరగ్గొట్టి సంచిలో వేయకండి. పగిలిన గాజును పేపర్లో చుట్టి చెప్పండి చాలు.

అపోహ: "హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేశాం, భయం లేదు."

వాస్తవం: మామూలు ఫార్మాట్ తర్వాత కూడా ఫైళ్లు బయటికి లాగే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డిస్క్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి, లేదా డ్రిల్లింగ్ మెషీన్‌తో లోపలి పళ్లేలకు రంధ్రాలు పెట్టించండి. ఆధార్ జిరాక్సులు, పాత చెక్కుబుక్కులు ముక్కలు చేయాల్సిందే.

అపోహ: "పిల్లలు అమెరికా నుంచి వచ్చిన వారంలో అయిపోతుంది."

వాస్తవం: డిసెంబరులో ఇలాంటి ఫోన్లు ఎక్కువ. పిల్లల తొందర నాకు అర్థమవుతుంది, సెలవు రెండు వారాలే. కానీ మోయడానికి ఒక రోజు చాలు, ఏది ఉంచాలో తేల్చుకోవడానికే వారాలు పడుతుంది. నాన్నగారు గుడికి వెళ్లిన సమయం చూసి రమ్మన్నారు ఒకరు. నేను వెళ్లలేదు. ఆయన చూడకుండా ఆయన సామాను తీయను. ఆయన కుర్చీలో కూర్చుని ఒక్కోటీ చూసి చెబితే, ఆశ్చర్యంగా, పిల్లలు అనుకున్నదానికంటే ఎక్కువే వదిలేస్తారు. రేడియో ఉంచుకుంటారు, దాని చుట్టూ ఉన్న పదిహేను పెట్టెలు తీసుకుపొమ్మంటారు. పిల్లలు టికెట్ కొన్న రోజే అమ్మానాన్నలతో ఫోన్‌లో మొదలుపెట్టండి, వారానికి ఒక అర చొప్పున.

అపోహ: "పనికిరానివన్నీ అనాథాశ్రమానికి ఇచ్చేయండి, పుణ్యం."

వాస్తవం: చిరిగిన చీర, జిప్పు లేని బ్యాగు, చక్రం లేని సైకిలు అక్కడికి పంపితే వాటిని పారేసే ఖర్చు వాళ్ల మీద పడుతుంది. మీ ఇంటికి వచ్చిన చుట్టానికి ఇవ్వగలిగిందే ఆశ్రమానికి ఇవ్వండి. కాస్త రిపేరు చేస్తే నడిచే వస్తువులకు ఎర్రగడ్డ సండే మార్కెట్, జుమ్మేరాత్ బజార్ ఉన్నాయి. అక్కడ మిక్సీ మూతకు కూడా కొనేవాళ్లు దొరుకుతారు.

అపోహ: "బండి గేటు దాటితే మన బాధ్యత తీరిపోయింది."

వాస్తవం: కొన్నేళ్ల క్రితం తక్కువ ధరకు వస్తామన్న వేరే బండిని పిలిచారు మాకు తెలిసిన ఒకరు. వాళ్లు సామానంతా ఊరి చివర ఒక చెరువు పక్కన దించేశారు. కుప్పలో కరెంటు బిల్లు దొరికింది, బిల్లు మీద ఇంటి అడ్రసు ఉంది. జరిమానా బండివాడికి కాదు, ఇంటాయనకు వచ్చింది. మేమైతే మరింత అడిగేవాళ్లం, నిజమే. ఆ తేడా అంతా సామానును వేరు చేసి, సరైన చోటికి చేర్చడానికయ్యే డీజిలూ కూలీయే.

అందుకే ధర అడిగేముందు ఎక్కడ దించుతారో అడగండి. బాత్రూం రిపేరులో పగలగొట్టిన టైల్స్, కమోడ్, సిమెంటు పెళ్లలు ఉంటే వాటిని ఇంటి సామానుతో కలపకుండా విడిగా సంచుల్లో కట్టించండి. అవి జీడిమెట్ల, ఫతుల్లాగూడ లాంటి చోట్ల ఉన్న నిర్మాణ వ్యర్థాల ప్లాంట్లకు పోవాలి, అక్కడ వాటిని కంకరగా, ఇసుకగా మారుస్తారు. పరుపులు, బట్టలు కలిసిపోతే ఆ లోడు అలా వాడడం కుదరదు. ఫ్రిజ్, టీవీ ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకోండి. బండి నంబరు ఫోటో తీసుకోండి. మా బండయినా సరే, తీసుకోండి. మా కుర్రాళ్లు ఏమీ అనుకోరు, నంబరు ప్లేటు తుడిచి మరీ చూపిస్తారు.