మే నెలలో ఇంజిన్ ఆయిల్ మైనస్ 40 డిగ్రీలు

మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడ ఆటోనగర్‌లో కారుకి స్కానర్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులు చూపించే పరికరం) తగిలిస్తే, ఇంజిన్ ఆయిల్ ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలని చూపించిందనుకోండి. నవ్వొస్తుంది. కానీ ఇంత అడ్డగోలు అంకె వచ్చిందంటే పని సగం తేలికైనట్టే. 90 ఉండాల్సిన చోట ఏదో కాస్త అటూఇటూగా 77 అని చూపించే సెన్సర్‌తోనే అసలు తలనొప్పి.

ఈ సెన్సర్ కొసన థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. మామూలు లోహపు తీగ వేడెక్కితే విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఈ పూసలో తగ్గుతుంది. వెండి సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. ఇప్పటి సెన్సర్లలో లోహ ఆక్సైడ్లు వాడుతున్నారు. ఉదాహరణకి, 25 డిగ్రీల దగ్గర 2,200 ఓమ్‌లుండే పూస 90 డిగ్రీలకు వచ్చేసరికి 200 ఓమ్‌లకు దిగిపోతుంది. కారును బట్టి ఈ అంకెలు మారతాయి, ధోరణి మాత్రం మారదు.

కారు కంప్యూటర్, అంటే ఈసీయూ, చూసేది వోల్టేజిని. తన లోపలి నిరోధం గుండా 5 వోల్టులు ఒక వైరులో పంపిస్తుంది. రెండో వైరు ఎర్త్. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు లోపలి నిరోధం, సెన్సర్ కలిసి ఆ 5 వోల్టులను పంచుకుంటాయి. లోపలిది కూడా 2,200 ఓమ్‌లే అనుకుంటే, చల్లటి ఇంజిన్‌లో సెన్సర్ వాటా 2.5 వోల్టులు, 90 డిగ్రీల్లో సుమారు 0.4. ఫలానా వోల్టేజికి ఫలానా ఉష్ణోగ్రత అని ఈసీయూలో ఒక పట్టిక ఉంటుంది. అంతకుమించి ఆయిల్ గురించి దానికి తెలిసింది ఏమీ లేదు.

వైరు తెగితే పంపకమే ఉండదు, 5 వోల్టులూ అలాగే నిలబడతాయి. ఎక్కువ వోల్టేజి అంటే చల్లదనం కాబట్టి, ఈసీయూ పట్టికలో అట్టడుగు అంకె చెప్పేస్తుంది. అది చాలా కార్లలో మైనస్ 40. స్కానర్‌కి ఉష్ణోగ్రతను 0 నుంచి 255 వరకు ఒకే బైటులో పంపి, అందులోంచి 40 తీసేయడం ఓబీడీ (కారు కంప్యూటర్, స్కానర్ మాట్లాడుకునే ప్రమాణం) పద్ధతి. సున్నా వస్తే మైనస్ 40 అన్నమాట. (సెల్సియస్‌లో అయినా ఫారెన్‌హీట్‌లో అయినా ఈ అంకె ఒకటే, ఆ గొడవ లేదు.) వైరు బాడీకి తగిలి షార్టయితే వోల్టేజి సున్నా, ఆయిల్ కాలిపోతున్నట్టు కనబడుతుంది. తెగితే పీ0198, షార్టయితే పీ0197, రీడింగ్ నమ్మశక్యంగా లేకపోతే పీ0196 అనే లోపం కోడ్ పడుతుంది.

మైనస్ 40 చూడగానే 'సెన్సర్ పోయింది, మార్చేద్దాం' అనేవాళ్లే ఎక్కువ. దానికి ముందు చిన్న తీగ ముక్కతో చేసే పరీక్ష ఒకటుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, సెన్సర్ కప్లర్ (వైర్లను సెన్సర్‌కి కలిపే ప్లగ్గు) పీకాలి. వైరింగ్ వైపు ఉన్న రెండు పిన్నులనూ తీగతో కలపాలి. రీడింగ్ ఒక్కసారిగా పైకి ఎగిరితే వైర్లూ ఈసీయూ బాగున్నట్టే, లోపం సెన్సర్‌లోనో కప్లర్ పట్టులోనో ఉంది. కదలకపోతే సిగ్నల్ పిన్నును నేరుగా బాడీ ఎర్త్‌కి తాకించాలి. ఇప్పుడు ఎగిరితే ఎర్త్ వైరు తెగింది. అప్పటికీ చలనం లేకపోతే సిగ్నల్ వైరునో, అరుదుగా ఈసీయూనో అనుమానించాలి. అయితే కొన్ని కార్లు లోపం పసిగట్టగానే అసలు రీడింగ్ దాచేసి, తమ సొంత అంకె ఒకటి చూపిస్తాయి. అలాంటప్పుడు స్కానర్‌ని పక్కనపెట్టి మల్టీమీటర్‌తో వోల్టేజి చూడడమే మేలు. టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉందో లేదో చూసే బల్బు) జోలికి మాత్రం పోకూడదు. అది లాగే కరెంటును ఈ సర్క్యూట్ తట్టుకోకపోవచ్చు.

ఇక ఆ 77 సంగతి. కప్లర్ పిన్నుకి చిలుము పట్టి 100 ఓమ్‌ల అదనపు నిరోధం చేరిందనుకుందాం. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 2,200 కాస్తా 2,300 అవుతుంది. రీడింగ్‌లో తేడా ఒక్క డిగ్రీ, ఎవరికీ పట్టదు. వేడెక్కాక మాత్రం 200 కాస్తా 300 అవుతుంది, 90 డిగ్రీల ఆయిల్ 77గా కనబడుతుంది. అంటే ఆయిల్ బాగా వేడిగా ఉన్నప్పుడే తక్కువ చేసి చెబుతోందన్నమాట. రాత్రంతా ఆగిన కారులో ఆయిల్, కూలెంట్, లోపలికి వచ్చే గాలి మూడింటి రీడింగూ దాదాపు ఒకటే ఉండాలి. పొద్దున ఈ పరీక్ష పాసై, వేడి మీద తేడా చేస్తే నా అనుమానం మొదట కప్లర్ మీదకే పోతుంది. ఇంజిన్ వేడిగా ఉండగా, స్కానర్ చూస్తూ వైరింగ్‌ని చేత్తో మెల్లగా కదిపితే అంకె గెంతే చోటు దొరుకుతుంది.

ఎలుకలు కొరికిన వైరుకి ఇన్సులేషన్ టేప్ చుట్టి వదిలేస్తే ఇంజిన్ వేడికి జిగురు కరిగి ఊడొస్తుంది. సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగితే నిలుస్తుంది. కప్లర్‌లో ఆయిల్ కనబడితే పైపైన తుడిస్తే సరిపోదు. సెన్సర్ సీలు పోయి, ఆయిల్ పిన్నుల మీదుగా వైరు పోగుల మధ్య పాకుతూ ఉండొచ్చు. ఒకే వైరుండే పాత రకం సెన్సర్‌కి దాన్ని బిగించే మరల (థ్రెడ్ల) దగ్గరే ఎర్త్. దానికి టెఫ్లాన్ టేప్ చుట్టి బిగిస్తే ఎర్త్ అందక కొత్త లోపాన్ని మనమే తెచ్చిపెట్టుకున్నట్టు.

కోడ్ చెరిపేశాక కారును కాసేపు నడిపి లైవ్ డేటా చూడాలి. మామూలుగా కూలెంట్ ముందు వేడెక్కుతుంది, ఆయిల్ దాని వెనకాల నింపాదిగా వస్తుంది. ఆయిల్ గీత ఎక్కడా గెంతకుండా ఎక్కిందంటే కారు ఇచ్చేయొచ్చు.