నోరు కట్టుకుంటే బరువు తగ్గడం ఆగిపోతుందా? అపోహలు - వాస్తవాలు

"రోజుకు 800 కేలరీలే తింటున్నా ముల్లు కదలట్లేదు" అని ఎవరైనా అనగానే, "తక్కువ తింటున్నారు కాబట్టే తగ్గట్లేదు, ఒళ్లు స్టార్వేషన్ మోడ్‌లోకి (ఆకలికి భయపడి ఖర్చు తగ్గించుకునే స్థితిలోకి) పోయింది" అని జవాబు వస్తుంది. ఇందులో కొంత నిజముంది. ఎంతవరకు నిజమో తెలియకే చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

అపోహ: మరీ తక్కువ తింటే మెటబాలిజం (ఒళ్లు శక్తిని ఖర్చు చేసే తీరు) ఆగిపోయి కొవ్వు కరగదు.

నెమ్మదిస్తుంది, ఆగదు. 1944-45లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు ఆన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు అరకడుపు తిండి పెట్టింది. అంటే రోజుకు సుమారు 1,570 కేలరీలు, పైగా బాగా నడక. వాళ్ల బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. విశ్రాంతిలో ఒళ్లు ఖర్చు చేసే శక్తి కూడా బాగా పడిపోయింది, అందులో ఎక్కువ భాగం ఒళ్లే చిన్నదైపోవడం వల్ల. లోటు ఉన్నన్నాళ్లూ, అంటే ఖర్చు కంటే తక్కువ తింటున్నన్నాళ్లూ, కొవ్వు కరుగుతూనే ఉంటుంది.

అసలు దెబ్బ కదలిక దగ్గర తగులుతుంది. నీరసంగా ఉన్న మనిషి తనకు తెలియకుండానే నిలబడాల్సిన చోట కూర్చుంటాడు, మెట్లు మానేస్తాడు, చేతులూ కాళ్లూ ఆడించడం కూడా తగ్గిపోతుంది. కాగితం మీద వేసుకున్న లోటులో కొంత ఇలా కరిగిపోతుంది.

అపోహ: నేనేం తింటున్నానో నాకు తెలుసు.

డైట్ చేసినా తగ్గట్లేదని చెప్పినవారిని 1992లో అమెరికా పరిశోధకులు కొలిచి చూశారు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు తేలింది. వాళ్ల మెటబాలిజం మామూలుగానే ఉంది. దీన్ని అబద్ధమనడం అన్యాయం. కంటి అంచనా ఎవరికైనా తప్పుతుంది. ఒక్క టేబుల్‌స్పూన్ నూనె 120 కేలరీలు. సీసాతో వంచి పోసేవారికి అది ఒకటో మూడో తెలియదు.

దీనికి తోడు వారాంతం. ఐదు రోజులు 800 చొప్పున కడుపు మాడ్చుకుంటే 4,000. ఆ ఆకలికి తట్టుకోలేక మిగతా రెండు రోజులు 2,800 చొప్పున తింటే 5,600. మొత్తం 9,600, అంటే రోజుకు సగటున 1,370. రోజూ 1,400 తిన్నవారికీ వీరికీ లెక్కలో తేడా లేదు, పడిన బాధలో మాత్రం చాలా ఉంది. "తక్కువ తింటే తగ్గట్లేదు" అన్న మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది.

అపోహ: తూకం కదలకపోతే కొవ్వు కరగనట్టే.

ఉప్పు, నెలసరి, కొత్తగా మొదలుపెట్టిన వ్యాయామం ఒంట్లో నీటిని నిలుపుతాయి. కిలో కొవ్వు కరిగినా, కిలో నీరు చేరితే ముల్లు అక్కడే ఉంటుంది. మొదటి వారం వేగంగా తగ్గేది కూడా చాలావరకు నీరే. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం గ్లైకోజెన్. అది ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవగానే ఆ నీరూ పోతుంది. అందుకే రోజూ పొద్దున మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు తూచుకుని, వారం సగటును వారం సగటుతోనే పోల్చండి. బొడ్డు దగ్గర టేపుతో నడుము కొలత కూడా రాసుకోండి.

అపోహ: అయితే ఎంత తక్కువ తింటే అంత మంచిది.

కాదు. కండ కరుగుతుంది, రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుంది, నెలసరి తప్పవచ్చు. వారానికి కిలోన్నర మించి తగ్గుతుంటే పిత్తాశయంలో రాళ్ల ముప్పు పెరుగుతుంది. 800 కంటే తక్కువ డాక్టర్ పర్యవేక్షణలో తప్ప వద్దు. ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గించే ముందే మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి, లేకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

లెక్క ఇలా వేసుకోవచ్చు. 35 ఏళ్లు, 160 సెంటీమీటర్లు, 75 కిలోల మహిళకు విశ్రాంతి ఖర్చు మిఫ్లిన్ సూత్రం (బరువు, ఎత్తు, వయసుతో వేసే లెక్క) ప్రకారం రోజుకు సుమారు 1,414 కేలరీలు. తక్కువ కదలిక ఉంటే 1.4తో హెచ్చవేయాలి, దాదాపు 1,980 వస్తుంది. అందులో 400-500 తీసేస్తే 1,500 చుట్టూ ఆగుతుంది. ప్రొటీన్ కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు, వారానికి రెండుసార్లు బరువులతో వ్యాయామం. ఈ రెండూ లేకపోతే పోయేదాంట్లో కండ వాటా పెరుగుతుంది.

నాలుగు వారాల సగటు కదలకపోతే ముందు పది రోజులు వంటనూనెతో సహా అన్నీ కిచెన్ స్కేల్ మీద తూచండి. అప్పటికీ కదలకపోతే 100-150 కేలరీలు తగ్గించండి, లేదా రోజుకు అరగంట నడక కలపండి. విపరీతమైన అలసట, చలి, మలబద్ధకం కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి.