కవరు మీద లేని పేరు: పెడల్ స్టీల్ వాయించింది ఎవరు?

పెడల్ స్టీల్ గిటార్ చిన్న బల్లలా కాళ్ల మీద నిలబడుతుంది. వాద్యకారుడు దాని ముందు కూర్చుంటాడు. కుడిచేతి వేళ్లకు తొడిగిన పిక్‌లు తీగలు మీటుతాయి, ఎడమచేతిలోని ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంది. ఎడమ పాదం పెడళ్లు తొక్కుతుంది, మోకాళ్లు లీవర్లను నెడతాయి, కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద ఉంటుంది. గోటువాద్యం చూసినవారికి కడ్డీ కొత్త కాదు. కొత్తది పెడలే. మూడు తీగలు కలిసి మోగుతుండగా రెండు నిలకడగా ఉంటాయి, ఒక్కటి మాత్రం పైకి సాగుతుంది. వీణలో తీగ లాగినట్టే, కాకపోతే ఇక్కడ లాగేది కాలు. 1954లో కంట్రీ (అమెరికా పల్లె బాణీ) గాయకుడు వెబ్ పియర్స్ హిట్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ ఈ కదలికను వినిపించాక స్టీల్ వాద్యకారులంతా దాని వెంట పడ్డారు. 1960ల చివర్లో రాక్ బృందాలు కంట్రీ సంగీతం వైపు తిరిగినప్పుడు మొదట పిలిచింది వీళ్లనే.

పిలిచారు, డబ్బిచ్చారు, చాలాసార్లు పేరు మాత్రం వేయలేదు. 45 ఆర్‌పీఎం సింగిల్ లేబుల్ మీద గాయకుడి పేరు, రచయిత పేరు ఉంటాయి గానీ వాద్యకారులకు చోటే లేదు. పాత తెలుగు సినిమా పాటల్లో వయొలిన్, వేణువు వాయించినవాళ్లకు జరిగినదీ ఇదే కాబట్టి ఈ బాధ మనకు అర్థమవుతుంది. ఆ పేరు వెతికి పెట్టడం గౌరవమైన పని. అందుకే తప్పు పేరు పెట్టకుండా చేయాలి.

వెతకడం కాగితంతో మొదలుపెట్టాలి, చెవితో కాదు. అమెరికాలో సంగీతకారుల సంఘం నిబంధనల ప్రకారం జరిగిన ప్రతి రికార్డింగుకూ ఒక ఒప్పంద పత్రం ఉంటుంది. తేదీ, వేళ, స్టూడియో, పాటల పేర్లు, మాస్టర్ నంబర్లు (ప్రతి రికార్డింగుకూ కంపెనీ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు), వాద్యకారుల పేర్లు, ఎవరికి ఎంత ముట్టిందీ అందులో ఉంటాయి. ఒక సెషన్ అంటే 3 గంటలు, అందులో గరిష్ఠంగా 15 నిమిషాల సంగీతం. లీడర్‌కు, అంటే ఆ సెషన్ నడిపే వాద్యకారుడికి, రెట్టింపు జీతం. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో సెషన్లు ఉదయం 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 గంటలకు మొదలయ్యేవి. గిరాకీ ఉన్న స్టీల్ వాద్యకారుడు ఒకే రోజున నాలుగింటికీ వెళ్లిన సందర్భాలున్నాయి. నలభై ఏళ్ల తర్వాత 'ఆ పాటలో నేనే వాయించాను' అని ఆయన చెబితే అది అబద్ధం కాకపోవచ్చు, సాక్ష్యంగా మాత్రం బలహీనం.

కాగితాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. పేరు ఉన్నంత మాత్రాన ఆ సెషన్‌లోని ప్రతి పాటలోనూ వాయించినట్టు కాదు. బాబ్ డిలన్ 'జాన్ వెస్లీ హార్డింగ్' ఆల్బమ్ 1967లో మూడు సెషన్లలో పూర్తయింది. పీట్ డ్రేక్ స్టీల్ వినిపించేది చివరి రెండు పాటల్లోనే. కొన్ని పత్రాల్లో పాటకు తాత్కాలికంగా పెట్టుకున్న పేరే ఉంటుంది, అప్పుడు మాస్టర్ నంబరే దిక్కు. కొలంబియా కంపెనీ నంబర్ల ముందు 'ఎన్‌సీఓ' అని ఉంటే నాష్‌విల్, 'హెచ్‌సీఓ' అని ఉంటే హాలీవుడ్. ఈ మూడక్షరాలు ఒక్కోసారి సగం చిక్కు విప్పేస్తాయి. ది బర్డ్స్ అనే రాక్ బృందం ఆల్బమ్ 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' ఇందుకు మంచి ఉదాహరణ. 1968 మార్చిలో నాష్‌విల్‌లో లాయిడ్ గ్రీన్ వాయించాడు, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో జేడీ మానెస్ వాయించాడు. ఏ పాట ఏ ఊళ్లో రికార్డయిందో తేలితే ఎవరి చెయ్యో దాదాపు తేలినట్టే.

కాగితం దొరకనప్పుడే ధ్వని దగ్గరికి వెళ్లాలి. 1960ల స్టీరియో మిక్సుల్లో స్టీల్ తరచుగా ఒక పక్కకే ఉంటుంది, ఆ చానల్ ఒక్కటే తీసుకోండి. పాడే గొంతు మధ్యలో ఉంటే ఒక చానల్‌ను తలకిందులు చేసి రెండో దానితో కలిపితే గొంతు చాలావరకు పోతుంది. వాద్యాలను విడదీసే కృత్రిమ మేధ సాధనాలు స్వరాలు గుర్తుపట్టడానికి పనికొస్తాయి. మీటు శబ్దాన్ని మాత్రం అవి చెరిపేస్తాయి, దాని మీద నిర్ణయానికి రావద్దు.

తర్వాత వేగం సరిచూడాలి. టేపు 1 శాతం వేగంగా తిరిగితే శ్రుతి 17 సెంట్లు పెరుగుతుంది (అర్ధస్వరం అంటే 100 సెంట్లు). పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో కరెంటు గుర్రుమనే శబ్దం ఉంటుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్. కొలిస్తే 60.6 వచ్చిందంటే టేపు 1 శాతం ఎక్కువ వేగంతో నడిచినట్టు. సరిగ్గా 60 వస్తే మాత్రం తొందరపడకూడదు. ఆ గుర్రు తర్వాతి కాపీలో చేరినదీ కావచ్చు.

ఇప్పుడు స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ క్షణంలో ఏ స్వరాలు మోగాయో గీతలుగా చూపే బొమ్మ. దాన్ని గీసే సాఫ్ట్‌వేర్లు ఆడాసిటీ, సోనిక్ విజువలైజర్ రెండూ ఉచితమే. 44.1 కిలోహెర్ట్జ్ ఫైలులో శ్రుతి చూడటానికి 8192 శాంపిళ్ల విండో (ఒక్కసారి లెక్కకు తీసుకునే ధ్వని ముక్క) పెడితే గీతల మధ్య దూరం సుమారు 5.4 హెర్ట్జ్ వస్తుంది. మీటు చూడటానికి 1024 చాలు, అది 23 మిల్లీసెకన్లు. చాలామంది ఒకే విండోతో రెండూ చూడబోయి రెండూ పోగొట్టుకుంటారు. ఇంకో చిట్కా: మూలస్వరాన్ని వదిలి నాలుగో హార్మోనిక్ (దానికి నాలుగు రెట్ల పౌనఃపున్యంలో మోగే అనుస్వరం) చూడండి. 247 హెర్ట్జ్ దగ్గర అర్ధస్వరం 15 హెర్ట్జ్ లోపే, 988 దగ్గర దాదాపు 59. కదలిక స్పష్టంగా కనిపిస్తుంది.

కనిపించే కదలికకు అర్థం చెప్పుకోవడం ఇందులో అసలు రుచి. నాష్‌విల్‌లో స్థిరపడిన శ్రుతి 'ఈ9', 10 తీగలు. 'ఈ'ని షడ్జమం అనుకుంటే, 'ఏ' పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి ఎత్తుతుంది, అంటే 247 నుంచి 277 హెర్ట్జ్‌కు. 'బి' పెడల్ అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతుంది. ఒక మోకాలి లీవర్ షడ్జమాన్ని కాకలి నిషాదానికి దించుతుంది. షడ్జమం కదలకుండా ఈ రెండు పెడళ్లూ కలిసి కదిలితే స్పెక్ట్రోగ్రామ్‌లో ఒక గీత అడ్డంగా, రెండు గీతలు పైకి వంగి కనిపిస్తాయి. కడ్డీతో జారిస్తే అన్ని గీతలూ సమాంతరంగా కదులుతాయి. కదలిక ఈ లెక్కకు లొంగకపోతే శ్రుతే వేరు కావచ్చు. ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ బృందంలో స్నీకీ పీట్ క్లైనో 8 తీగల ఫెండర్ 400ను 'బి6' శ్రుతిలో, తరచుగా ఫజ్ (ధ్వనిని గరుకుగా మార్చే పరికరం) పెట్టి వాయించాడు. ఆ స్వరాల అమరికను 'ఈ9' మీద వెతికితే చేయి కుదరదు. పోకో బృందంలో రస్టీ యంగ్ స్టీల్‌ను తిరిగే లెస్లీ స్పీకర్ గుండా పంపేవాడు. అక్కడ వినిపించే కంపనం చేతిది కాకపోవచ్చు. కడ్డీ తగలని తెరిచిన తీగ కూడా కంపిస్తుంటే అది స్పీకర్ పనే.

అన్నిటికంటే ఎక్కువమందిని మోసం చేసేది అసలు స్టీల్ కానేకాని వాద్యం. క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ తయారుచేసిన స్ట్రింగ్‌బెండర్ ఫెండర్ టెలికాస్టర్ గిటార్‌లో 'బి' తీగను సరిగ్గా ఆ పూర్తిస్వరమే ఎత్తుతుంది, గిటార్ పట్టీని లాగితే చాలు. తేడా జారులో దొరుకుతుంది. మెట్లున్న గిటార్‌లో జారు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది, స్టీల్‌లో నునుపైన వంపు.

పెడల్ తొక్కినప్పుడు ఆ లాగుడుకు వాద్యం చట్రం కాస్త వంగుతుంది. కదలని తీగలు కూడా కొన్ని సెంట్లు దిగిపోతాయి. దీన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. ఇది వాద్యం వేలిముద్ర, మనిషిది కాదు. అదే వాద్యం రేపు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. మనిషిది కావాలంటే కడ్డీ కంపనం ఎంత ఆలస్యంగా మొదలవుతుందో, సెకనుకు ఎన్నిసార్లో, ఎంత వెడల్పో కొలవాలి. అనుమానితుడి ఖాయమైన రికార్డింగులు కనీసం పది, అదే రెండు మూడేళ్లవి, నెమ్మది పాటలూ వేగం పాటలూ కలిపి తీసుకోవాలి. క్లిప్పులను వేరే ఎవరిచేతనైనా కలగాపులగం చేయించి, పేరు తెలియకుండా పోల్చాలి. పేరు ముందే తెలిస్తే చెవి ఆ పేరునే వింటుంది.

ఇంత చేసినా ధ్వని 'ఇతను కాదు' అని గట్టిగా చెప్పగలదు గానీ, 'ఇతనే' అని అంత గట్టిగా చెప్పలేదు. పేరున్న స్టీల్ వాద్యకారులు బడీ ఎమన్స్, లాయిడ్ గ్రీన్‌ల వాదన శైలిని ఒక తరమంతా అచ్చుగుద్దినట్టు నేర్చుకుంది. అందుకే ధ్వని ఒక్కటే ఆధారమైతే జాబితాలో పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఎందుకు అనుకున్నామో పాటలో నిమిషం, సెకను సహా రాయాలి. ఒప్పంద పత్రం దొరికినా, ఆ తేదీ తర్వాత వేరే స్టూడియోలో ఓవర్‌డబ్ (రికార్డయిన పాటకు తర్వాత వాద్యం చేర్చడం) జరిగిందేమో చూడనిదే ప్రశ్నార్థకం తీయకూడదు. స్టీల్‌ను చివర్లో చేర్చడం మామూలే, ఆ పత్రం వేరే తేదీతో, కొన్నిసార్లు వేరే ఊళ్లో ఉంటుంది.