సున్నా కూడా రాయాలి: నది మొగల్లో మామూలు మనుషులు చేసే సైన్స్

నది సముద్రంలో కలిసే చోట రెండు నీళ్లూ వెంటనే కలిసిపోవు. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకే చాలా మొగల్లో నది నీరు పైపైన సముద్రం వైపు జారుతుంటే, పోటు వేళ సముద్రపు నీరు దాని అడుగున నేలను అంటుకుని లోపలికి చొచ్చుకొస్తుంది. నది మోసుకొచ్చే సన్నటి బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. మంచినీటిలో ఉన్నంతసేపూ అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి. ఉప్పు తగలగానే ఆ ఆవేశం అణిగిపోతుంది. రేణువులు అంటుకుని, ముద్దలు కట్టి, బరువెక్కి కిందికి దిగుతాయి. మొగల్లో మేటలు వేసే బురదలో చాలా భాగం ఇలా చేరిందే.

పాటుకు నీరు దిగినప్పుడు బయటపడే ఆ బురద నేల చూడ్డానికి ఖాళీగా ఉంటుంది. దాని పైపొరలో మాత్రం కంటికి కనిపించని డయాటమ్‌లు అనే ఒంటికణపు నాచు జీవులు కోట్లలో ఉంటాయి. ఎండ తగిలితే అవి పైకి పాకి, పల్చటి మీగడలాంటి పొర కడతాయి. మళ్లీ నీరు వచ్చేలోపు లోపలికి దిగిపోతాయి. ఆ పొరను నత్తలు, చిన్న రొయ్యల్లాంటి జీవులు, పురుగులు తింటాయి. వాటిని పీతలు, చేపపిల్లలు, పక్షులు తింటాయి. కెనడాలోని ఫ్రేజర్ నది మొగలో దిగే వెస్టర్న్ శాండ్‌పైపర్ అనే బుల్లి ఉల్లంకి పిట్టలైతే నేరుగా ఆ పొరనే నాకి తింటాయని, వాటి తిండిలో దాదాపు సగం అదేనని 2008లో పరిశోధకులు తేల్చారు. రెడ్ నాట్ అనే మరో తీరపక్షి ముక్కు చివర ఒత్తిడిని పసిగట్టే కణాలుంటాయి. తడి ఇసుకలో ముక్కు గుచ్చితే చాలు, దగ్గర్లో పాతుకున్న ఆల్చిప్ప తనకు తగలకపోయినా, ఇసుకలోని నీటి ఒత్తిడిలో వచ్చే తేడాను బట్టి అది ఎక్కడుందో తెలుసుకుంటుంది.

ఇంత జీవం ఉన్న చోటును మనుషులు బంజరు అనుకున్నారు. అడవిని నరికితే అయ్యో అనేవాళ్లుంటారు గానీ, బురదను పూడ్చి రేవు కడితే అది అభివృద్ధే అంటారు. మొగల దగ్గర ప్రకృతి విద్య పుస్తకంలోనో హాల్లోనో కాకుండా బురద అంచునే జరగాలని నేను గట్టిగా నమ్మేది ఇందుకే. జల్లెడలో ఒక దోసెడు బురద వేసి, నీళ్లతో కడిగి, మిగిలిన వాటిని తెల్లటి పళ్లెంలో పోసి చూపిస్తే, పదేళ్ల పిల్లలు ‘ఇక్కడ ఏమీ లేదు’ అన్న మాట మళ్లీ అనరు.

అయితే చూపించి ఊరుకుంటే పని సగమే అయినట్టు. ముగ్ధులై ఇంటికి వెళ్లిన జనం వల్ల మొగకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. మళ్లీ అదే చోటికి, అదే కాలంలో, అదే పద్ధతిలో లెక్క తీయడానికి వచ్చేవాళ్ల వల్లే దానికి మేలు జరుగుతుంది. పసుపు సముద్రం కథ ఈ విషయాన్ని అన్నిటికన్నా బాగా చెబుతుంది.

బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే తీరపక్షి అలాస్కాలో గుడ్లు పెట్టి, దక్షిణార్ధగోళంలో వేసవి గడపడానికి పసిఫిక్ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటుతుంది. 2022లో ట్రాన్స్‌మిటర్ కట్టిన ఒక పిల్ల గాడ్‌విట్, పుట్టి ఐదు నెలలైనా పూర్తిగా నిండకుండానే, అలాస్కా నుంచి టాస్మేనియాకు దాదాపు 13,560 కిలోమీటర్లు 11 రోజుల్లో ఎగిరింది. తిండి లేదు, వాలడం లేదు. తిరిగి ఉత్తరానికి వెళ్లేటప్పుడు మాత్రం ఈ పక్షులు ఒక్క దమ్ములో పోలేవు. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు బురద నేలల్లో దిగి, వారాల తరబడి తిని, కొవ్వు పట్టించుకుని అప్పుడు బయల్దేరతాయి. గ్రేట్ నాట్, కర్ల్యూ శాండ్‌పైపర్ లాంటి చాలా జాతులకూ అదే మజిలీ.

ఆ నేలలే కరిగిపోయాయి. యాభై ఏళ్లలో పసుపు సముద్రపు బురద నేలల్లో మూడింట రెండొంతుల దాకా పోయాయని ఉపగ్రహ చిత్రాలు, పాత పటాలు పోల్చి చూసినవాళ్లు లెక్కకట్టారు. దక్షిణ కొరియాలో సేమాన్‌గుమ్ దగ్గర రెండు నదుల మొగలకు అడ్డంగా 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో మూసేశారు. అక్కడ దిగే గ్రేట్ నాట్‌లు పక్క తీరాలకు వెళ్లి సర్దుకుంటాయన్న వాదన ఉండేది. 2006 నుంచి 2008 దాకా స్థానికులు, విదేశీ వాలంటీర్లు కలిసి ఆ తీరమంతా లెక్కలు తీశారు. సేమాన్‌గుమ్‌లో పక్షులు వేల సంఖ్యలో తగ్గాయి, పక్క తీరాల్లో మాత్రం ఆ మేరకు పెరగలేదు. వెళ్లి సర్దుకోవడానికి వాటికి చోటే లేదని తేలింది.

దీనికి రెండో సగం వేల కిలోమీటర్ల దూరాన, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల్లో నడిచింది. అక్కడ టీచర్లు, నర్సులు, రిటైరైనవాళ్లు పోటు వేళకు తీరానికి వెళ్లి, నీటికి తడవని ఎత్తు దిబ్బల మీద గుమిగూడే పక్షులను జాతుల వారీగా ఏళ్ల తరబడి లెక్కపెడుతూ వచ్చారు. 1993 నుంచి 2012 దాకా పోగైన ఆ అంకెలను పరిశోధకులు విశ్లేషించి 2017లో ప్రచురించారు. పసుపు సముద్రం మీద ఏ జాతి ఎంత ఎక్కువ ఆధారపడితే అది అంత వేగంగా తగ్గుతోంది. కొన్ని జాతులు ఏటా 8 శాతం దాకా పడిపోతున్నాయి. లెక్కపెట్టినవాళ్ల సొంత తీరం మాత్రమే కారణమై ఉంటే, అదే దిబ్బ మీద పక్కపక్కన నిలబడే జాతుల్లో ఇంత తేడా రావడానికి వీల్లేదు. లోపం ఎక్కడుందో చూడకుండానే, అది మరో దేశంలో ఉందని ఆ అంకెలు పట్టిచ్చాయి.

ఇలాంటి ఆధారాలు ఒక్కొక్కటీ చేరి, తీరపక్షుల వలస మార్గం అంతర్జాతీయ చర్చల్లోకి వచ్చింది. 2018లో చైనా తీరాన్ని పూడ్చే వాణిజ్య ప్రాజెక్టులకు కొత్త అనుమతులు దాదాపుగా ఆపేసింది. 2019లో చైనా వైపు, 2021లో కొరియా వైపు బురద తీరాలు కొన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. పోయిన నేల తిరిగి రాలేదు. మిగిలింది నిలవడానికి మాత్రం కొంత దారి దొరికింది.

లెక్క పనికిరావాలంటే దానికో క్రమశిక్షణ ఉండాలి. ఉత్సాహంతో వచ్చిన కొత్తవాళ్లకు మింగుడుపడనిది కూడా ఇదే. అమెరికాలోని డెలావేర్ మొగనే తీసుకోండి. మే, జూన్ నెలల్లో అమావాస్య, పున్నముల చుట్టూ రాత్రిపూట పోటు వేళకు గుర్రపునాడా పీతలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. డైనోసార్ల కంటే ముందునుంచీ ఉన్న జీవులివి. వాటి గుడ్లు తినే రెడ్ నాట్‌లు రెండు మూడు వారాల్లో దాదాపు రెట్టింపు బరువెక్కి ఆర్కిటిక్‌కు పోతాయి. 1990 నుంచి అక్కడ వాలంటీర్లు పీతల లెక్క తీస్తున్నారు. ఒక చదరపు మీటరు చట్రాన్ని తీరం పొడవునా ముందే నిర్ణయించిన వంద చోట్ల పెట్టి, లోపల పడిన పీతలనే లెక్కించాలి. పక్కన పీతలు గుట్టగా పడి ఉన్నా, చట్రంలో ఒక్కటీ లేకపోతే సున్నా రాయాల్సిందే. చీకట్లో, నీటి అంచున నిలబడి, చట్రాన్ని ఒక్క అడుగు జరిపితే పది పీతలు దొరుకుతాయని తెలిసీ సున్నా రాయడం తేలిక కాదు. కానీ ఆ సున్నాలు లేకపోతే మిగతా అంకెలకు అర్థమే ఉండదు. కనిపించినప్పుడే రాసి, కనిపించనప్పుడు వదిలేసే రికార్డులో జీవులు ఎప్పుడూ సమృద్ధిగానే ఉన్నట్టు ఉంటాయి, అంతరించే రోజు దాకా.

వాలంటీర్ల లెక్కలు నమ్మదగినవేనా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఎగిరే గుంపును చూసి వెయ్యి అన్నది ఎనిమిది వందలు కావచ్చు, పన్నెండు వందలూ కావచ్చు. ఏటా అదే చోట, అదే పద్ధతిలో, శిక్షణ పొందినవాళ్లే లెక్కపెడితే పొరపాటు కూడా దాదాపు ఒకే తీరులో ఉంటుంది. అప్పుడు ఒక్కో అంకె కచ్చితంగా లేకపోయినా పెరుగుదలా తరుగుదలా అన్నది దాచినా దాగదు. ఉద్యోగులైన శాస్త్రజ్ఞులు ఇన్ని తీరాల్లో, ఒకే వారంలో, ఇన్నేళ్లు నిలబడలేరు. 1967లో మొదలైన అంతర్జాతీయ నీటిపక్షుల గణన, దాని భాగంగా 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఆసియా గణన ప్రధానంగా ఇలాంటివాళ్ల మీదే నడుస్తున్నాయి.

విద్యనూ లెక్కనూ ఒకే పనిగా చేసిన చోటు న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ నది. ఈ నదిలో పోటు సముద్రం నుంచి దాదాపు 246 కిలోమీటర్లు లోపలికి, ట్రాయ్ పట్టణం దగ్గరి ఆనకట్ట దాకా తెలుస్తుంది. 2003 నుంచి అక్కడి బడిపిల్లలు ఏటా ఒక రోజున నది పొడవునా ఎక్కడికక్కడ దిగి, ఉప్పుదనం, కలకదనం కొలుస్తారు, వల లాగి చేపలు చూస్తారు. అందరి అంకెలూ ఒకచోట పెడితే ఆ రోజు ఉప్పునీరు నదిలో ఎక్కడిదాకా వచ్చిందో బయటపడుతుంది. ఏ ఒక్క బడికీ విడిగా దొరకని జవాబది.

అదే నదిలో 2008 నుంచి మలుగుచేప పిల్లల లెక్క జరుగుతోంది. అమెరికా మలుగుచేపలు అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పుట్టి, ప్రవాహాల్లో కొట్టుకొస్తూ ఏడాది ప్రయాణం తర్వాత వసంతంలో మొగలకు చేరతాయి. అప్పటికి అవి రెండంగుళాల పొడవుంటాయి. గుండె, వెన్నెముక బయటికి కనిపించేంత పారదర్శకంగా ఉంటాయి. విద్యార్థులు, ఊళ్లోవాళ్లు చన్నీళ్లలోకి దిగి, పిల్లవాగుల మొగల్లో కట్టిన వలలను చూసుకుని, దొరికిన పిల్లలను లెక్కపెట్టి, తూకం వేసి, ఆనకట్టలకు ఎగువన వదిలిపెడతారు. అవి ఎక్కలేని గోడను చేత్తో మోసి దాటిస్తారన్నమాట. ఈ పనిలో నాకు బాగా నచ్చింది ఆ చివరి అడుగే. కొలిచిన చేతులతోనే సాయం కూడా చేస్తున్నారు, ఆ సాయం ఎంత పనిచేస్తోందో మళ్లీ కొలుస్తున్నారు.

కొలవకుండా చేసే సాయం ఎక్కడికి పోతుందో మడ మొక్కల నాటింపుల్లో కనిపిస్తుంది. వందల మంది ఒక్క రోజులో వేల మొక్కలు నాటడం, ఫొటోలు, చప్పట్లు. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల నాటింపులను పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో వచ్చింది. పెద్ద ఎత్తున నాటిన మొక్కల్లో చివరికి బతికినవి పదికి ఒకటో రెండో. నాటినవాళ్ల మనసు మంచిదే, చోటు తప్పు. మడ చెట్టు వేళ్లకు గాలి కావాలి, రోజులో కొన్ని గంటలైనా నీరు దిగాలి. సహజంగా మడ పెరిగే ఎత్తు నేలలు అప్పటికే చేపల, రొయ్యల చెరువులైపోయాయి. ఎవరూ అడ్డు చెప్పని చోటు కాబట్టి, ఎక్కువసేపు నీటిలోనే మునిగి ఉండే దిగువ బురదలో నాటారు. రైజోఫోరా అనే మడ జాతి కాయ గుచ్చడం సులువు కాబట్టి, ఏ జాతి ఎక్కడ పెరుగుతుందో చూడకుండా అదే గుచ్చారు. మొక్కలు చచ్చిపోవడమే కాదు, పక్షులు తిండి వెతుక్కునే బురద కూడా పాడైంది. పాడుబడ్డ చెరువు గట్టుకు గండి పెట్టి పోటు నీటిని లోపలికి రానిస్తే, దగ్గర్లో తల్లిచెట్లున్న చోట విత్తనాలు వాటంతటవే కొట్టుకొచ్చి మొలుస్తాయి. దానికి కావాల్సింది పార, అనుమతి, ఓపిక. ఫొటోకు ఏమీ దొరకదు.

సరిగ్గా నాటిన ఉదాహరణా ఉంది. అమెరికాలోని వర్జీనియా తీరపు మడుగుల్లో 1930ల్లో తెగులు, తుఫాను కలిసి ఈల్‌గ్రాస్ అనే నీటిగడ్డిని తుడిచిపెట్టేశాయి. ఇరవై ఏళ్లకు పైగా శాస్త్రజ్ఞులు, వాలంటీర్లు కలిసి విత్తనాలు సేకరించి చల్లారు. ఏడు కోట్లకు పైగా విత్తనాలు పడ్డాయి, దాదాపు 3,600 హెక్టార్లలో గడ్డి పరుచుకుంది. నీటి లోతు, వెలుతురు చూసుకుని, ఏటా కొలుచుకుంటూ, అంచెలంచెలుగా వెళ్లారు కాబట్టి అది నిలిచింది.

మొగకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పోటు వేళ దిబ్బ మీద నిలబడ్డ పక్షులు ఊరికే లేవు, బలం కూడదీసుకుంటున్నాయి. దగ్గరికి వెళ్లి లేపిన ప్రతిసారీ ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది. మంచి ఫొటో కోసం నాలుగు అడుగులు ముందుకు వేయాలనిపిస్తే, ఆ నాలుగు అడుగుల ధర వాటి దగ్గర వసూలవుతుంది. దూరం నుంచి టెలిస్కోప్‌తో చూడటమే మర్యాద. మన క్షేమం సంగతి కూడా ఉంది. పోటు సమయాల పట్టిక చూడకుండా, తెలిసినవాళ్లు తోడు లేకుండా బురదలోకి దిగకూడదు. కాలు కూరుకుపోయాక నీరు వేగంగా వస్తుంది.

గణనకు మొదటిసారి వచ్చినవాళ్లకు పక్షుల పేర్లు తెలియవని టెన్షన్ అక్కర్లేదు. సాధారణంగా వాళ్లకు ముందు అప్పగించేది రాతపని. తేదీ, సమయం, పోటు ఏ దశలో ఉంది, గాలి, వెలుతురు, ఆ తర్వాత టెలిస్కోప్ దగ్గరున్నవాళ్లు చెప్పే జాతి, సంఖ్య. ఏ జాతీ కనిపించని పాయింటుకూ ఒక వరుస కేటాయించి సున్నా వేయాలి. తీరపు గాలి హోరులో ‘ఇరవై’ అన్నది ‘అరవై’గా వినిపిస్తుంది, కాబట్టి రాసిన ప్రతి అంకెనూ పైకి చదివి, అవునన్నాకే తర్వాతి వరుసకు వెళ్లాలి.