ముప్పై రెండేళ్ళకే ముట్లుడిగితే

పుష్యమాసం చలిలో మా పిన్ని ఫ్యాన్ వేసుకుని పడుకునేది. అర్ధరాత్రి లేచి, తడిపిన కొంగుతో మెడ తుడుచుకుంటూ గడప మీద కూర్చునేది. ఒంట్లో సెగలు, నిద్ర పట్టదు, కీళ్ళ నొప్పులు, చిన్న మాటకే ఏడుపు. అప్పటికి ఆమెకు 35 ఏళ్ళే. మూడేళ్ళ ముందు గర్భసంచి తీసేశారు.

మన దేశంలో ఆడవాళ్ళకు ముట్లు మామూలుగా 46, 47 ఏళ్ళ ప్రాంతంలో ఆగుతాయి. కానీ మన పల్లెల్లో చాలామందికి వయసుతో కాదు, కత్తితో ఆగాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది.

ఇదేమీ ఒక్కరోజులో రాలేదు. చిన్నతనంలోనే పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళ లోపే పిల్లల ఆపరేషన్, ఇక గర్భసంచితో పనైపోయిందన్న ఆలోచన ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ పాతుకుపోయింది. తెల్లబట్ట అయినా, నడుం నొప్పి అయినా, మందులతో తగ్గేదానికి కూడా "క్యాన్సర్ వస్తుందమ్మా, తీసేస్తే పీడా పోతుంది" అనేవాళ్ళు. కూలికి పోయే మనిషికి నెలలో నాలుగు రోజులు మూలన పడుకోవడమంటే నాలుగు రోజుల కూలి పోవడమే, అందుకే సరేనంది, ఆమెను తప్పుపట్టలేం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు బాగా పెరిగాయి. గొడవ ముదిరాక ఆ పథకం కింద వాటిని సర్కారు ఆస్పత్రులకే పరిమితం చేశారు. 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) పడింది, అనవసరంగా గర్భసంచులు తీయకుండా మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలకు కోర్టు చెప్పేసరికి 2023 ఏప్రిల్ వచ్చింది.

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది, అండాశయాలు ఇంకొన్నేళ్ళు పనిచేస్తాయి, కాకపోతే అవీ కాస్త ముందే అలసిపోవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే అవి తయారుచేసే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గడం కాదు, రోజుల్లో పడిపోతుంది. సెగలు అందుకే అంత తీవ్రంగా వస్తాయి. కింద పొడిబారి భర్త దగ్గరికి వెళ్ళాలంటేనే భయం, ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి? ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. మా పిన్ని 45 ఏళ్ళప్పుడు వాకిట్లో జారితే మణికట్టు విరిగింది.

ఇంత చిన్న వయసులో అండాశయాలు పోయినవాళ్ళకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డు లేకపోతే, మామూలుగా ముట్లుడిగే ఈడు వచ్చేదాకా హార్మోన్ మందులు ఇవ్వాలి. 2002లో అమెరికాలో ఈ మందుల మీద జరుగుతున్న ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనంలో ఒక భాగం, మేలుకన్నా ముప్పే ఎక్కువని తేలి, మధ్యలో ఆగిపోయాక ప్రపంచమంతా ఆ మందులంటే భయపడింది. కానీ అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63. ఆ భయాన్ని 32 ఏళ్ళ మనిషికి అంటగట్టడం అన్యాయం.

మొన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే పిన్ని డిశ్చార్జి కాగితం దొరికింది. రెండు అండాశయాలూ తీసేశామని ఇంగ్లీషులో ఒక్క ముక్క. నేను చదివి చెప్పేదాకా, ఇరవై ఏళ్ళుగా, ఆ సంగతి ఆమెకు తెలియదు.