ఏది ఒరిజినల్ ట్యూన్?

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో చిన్ని అడిగిందిగా, "తాతయ్యా, మేడమ్ నేర్పిన అన్నమయ్య పాట యూట్యూబ్‌లో వేరే రాగంలో ఉందేంటి, ఏది ఒరిజినల్?" అని. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నా గానీ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

అన్నమయ్య పోయింది 1503లో. ఆ పాటలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుళ్ళో ఓ చిన్న అరలో పెడితే వందల ఏళ్ళు అక్కడే ఉండిపోయాయి. వాటిలో సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, ట్యూన్ ఎలా నడవాలో చెప్పే సరిగమల స్వరం మాత్రం లేదు. ఇప్పుడు మనం పాడుకునే ట్యూన్లు చాలావరకు పోయిన శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు కట్టినవి.

మా అమ్మమ్మ ఆవకాయ కాగితం కూడా అంతే. కారం సోల, ఆవపిండి సోల, ఉప్పు ముప్పావు సోల అని ఉండేది, ఎవరింటి సోలో రాయలేదు, ఆవిడకి తెలుసు కాబట్టి. నేను ఏడో క్లాసులో ఉండగా దాన్ని కాపీ రాయమన్నారు, నూనె మరకలో ముప్పావు కాస్తా నాకు పావులా కనిపించింది, ఆ ఏడు జాడీ మొత్తం బూజు, నా వీపు విమానం మోత. తమాషా ఏంటంటే అసలు కాగితాన్ని చెదలు తినేశాయి, నా తప్పుల కాపీయే మిగిలింది! ఇప్పుడదీ పాతబడి పసుపుపచ్చగా అయింది, ఎవరికైనా దొరికితే పాతకాలం కొలత అని కళ్ళకద్దుకుంటారు.

రాగం పేరు కూడా ఆ సోల లాంటిదే, వినండి. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధి అనే సంగీత గ్రంథంలో చెప్పిన ముఖారి రాగం, మీ క్లాసులో ముఖారి ఒకటి కాదు, స్వరాలే వేరు. పేరు అదే, సోల మారింది.

మరి స్వరాలు రాసిపెట్టినవి లేవా అంటే, 1904లో సుబ్బరామ దీక్షితులు గారు తెలుగులోనే అచ్చేసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఉంది, గమకాల (స్వరాన్ని ఊపి పలికే తీరుల) గుర్తులతో సహా. నేను దండం పెట్టుకునే తెరుస్తా. కానీ అందులో ఎవరి కృతులు ఉన్నాయో ఆ ముత్తుస్వామి దీక్షితులు పోయింది 1835లో, సుబ్బరామ గారు పుట్టింది 1839లో. అంటే ఆ గొంతు ఈయన వినలేదు, ఇంట్లో పెద్దల ద్వారా వచ్చింది. తక్కువ చెయ్యమని కాదర్రా, పుస్తకం ఎంత పెద్దదైనా ఎవరి చేతిమీదుగా వచ్చిందో అడగాలి.

అన్నమయ్య ఎలా పాడాడో నాకైతే ఊహకి కూడా అందదు, కొండమీద ఆ చలిలో, ఆ గొంతుతో...

సరే, ఓ పని చెయ్యండి. టీటీడీ సంకీర్తన సంపుటాల్లో మీ పాట వెతకండి, పైన రేకు నంబరు, రాగం ఉంటాయి. మేడమ్ పాడించే రాగం అదేనా? కాకపోతే గొడవ పెట్టుకోకండి, ఈ ట్యూన్ ఎవరు కట్టారండీ అని మర్యాదగా అడిగి, ఆవిడ ఏం చెప్పారో ఆదివారం నాకు ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య