బిగుసుకున్న గాజులోంచి పీత డెక్క

పీత తన డిప్పను విడుస్తుందని చదివిన ఒక పాఠకురాలు, డెక్క నిండా ఉండే కండ దాని మొదట్లోని సన్నని కీలు గుండా బయటికి ఎలా వస్తుందని అడిగారు. ఎంతో మంచి ప్రశ్న.

డిప్ప సాగదు, కనుక పీత పెరగాలంటే దానిని విడవాలి. విడవడాన్ని ఆపి ఉంచే హార్మోను కంటి కాడల్లో తయారవుతుంది. దాని అదుపు సడలగానే వై-గ్రంథుల నుంచి, డిప్ప విడిచేలా చేసే ఎక్డైస్టిరాయిడ్లు అనే హార్మోన్లు రక్తంలో చేరతాయి, పాత డిప్ప కింద కొత్తది మెత్తగా సిద్ధమవుతుంది.

బిగుసుకున్న గాజు తీయాలంటే సబ్బు రాసి, బొటనవేలిని లోపలికి మడిచి, అరచేతిని నొక్కి సన్నం చేస్తాం, ఎందుకంటే గాజు సాగదు, చెయ్యే తగ్గాలి. డెక్కకూ ఇదే ఇరుకు. అయితే పీత కండను నొక్కదు, కరిగించుకుంటుంది. గెకార్సినస్ లేటరాలిస్ అనే నేలపీతలో డెక్క కండ 40 శాతం దాకా తగ్గుతుంది. కాల్పైన్ వంటి ఎంజైములు ముఖ్యంగా కండలోని సన్నని ఆక్టిన్ ప్రొటీన్ తంతువులను కోస్తాయి. ఒక్కో మందపు మయోసిన్ తంతువుకు సుమారు 9 ఉండేవి 6కు తగ్గి, మిగిలినవి దగ్గరగా సర్దుకుంటాయి. అంత కరిగినా కండ ముడుచుకునే శక్తిని కోల్పోదు, అదే నన్ను అబ్బురపరుస్తుంది. నడక కాళ్లు మొదటి నుంచి చివరిదాకా సన్నవే కనుక వాటి కండ కరగవలసిన పని లేదు.

డిప్ప వెనుక అంచున విచ్చుకున్న చీలిక నుంచి పీత వెనక్కి జరుగుతూ వస్తుంది. కళ్ల పొరలు, మొప్పల పొరలు, కడుపులోని నమిలే పళ్లు కూడా పాత డిప్పతోనే ఊడిపోతాయి. అందుకే ఒడ్డున చచ్చిన పీత అనుకుని చేతిలోకి తీసుకుంటే అది తేలిగ్గా, ఖాళీగా ఉంటుంది.

బయటపడ్డ పీత నీరు పీల్చుకుని ఉబ్బి కొత్త డిప్పను సాగదీసుకుంటుంది. వండితే నీళ్లు కారి, కండ లేని పీత ఇలాంటిదే. వెన్నెల రోజుల్లో పీతలు గుల్లవుతాయని మా ఇంట్లో పెద్దలు అనేవారు. గుల్లదో కాదో తేల్చడానికి చంద్రుణ్ణి చూడటం కంటే కింది వైపు వేలితో నొక్కి చూడటం మేలు, లొంగితే అది ఈమధ్యే డిప్ప విడిచింది.

మెత్తని డెక్కకు ఆనిక లేదు కదా, మరి అది ఎలా కదులుతుంది? నీలి పీతల మీద శాస్త్రవేత్తలు టేలర్, కీర్ 2003లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది: డిప్ప గట్టిపడేదాకా లోపలి ద్రవపు ఒత్తిడే అస్థిపంజరంగా పనిచేస్తుంది, కరిగిన కండ ఆ నీటి బలాన్ని ఆనుకునే లాగుతుంది.